పోస్టు డబ్బాలో పెరిగిన బ్యాండు

“ఏట్రా అది... పాటా, పూనకమా?”

శ్రీకాకుళంలో ఒక తండ్రి కొడుకుని అడిగిన ప్రశ్న ఇది. ఆ కొడుకు దాన్ని యథాతథంగా నాకు రాసి పంపాడు. డిగ్రీ చదువుతున్నాడు. డెత్ మెటల్ అంటే చెవి కోసుకుంటాడు. నలుగురు స్నేహితులు కలిసి ఒక బ్యాండు పెడదామనుకుంటున్నారట. గిటారు ఒకటుంది. డ్రమ్ములు లేవు. గది దొరకలేదు. వాటికంటే పెద్ద బాధ ఇంకొకటి రాశాడు. “శ్రీకాకుళం, విజయనగరం రెండూ జల్లెడ పట్టినా ఇది వినీవోళ్లు పదిమంది దొరకరు మాస్టారూ. పదిమంది కోసం బ్యాండేటి?”

బాగుంది తమ్ముడూ. ఉపదేశాలు నాకు చేతకావు గానీ, నీకూ నీలాంటి మిగతా తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఈ వారం ఒక కథ చెప్తాను. పదిమందితో మొదలైన బ్యాండు కథ. దాని పేరే ‘డెత్’. అంటే మృత్యువు!

ముందుగా ఈ సంగీతం ఎరగనివాళ్ళ కోసం రెండు ముక్కలు. 1977లో వచ్చిన ‘యమగోల’లో కైకాల సత్యనారాయణగారి యముడి గొంతు గుర్తుందా? ఆ గొంతుని ఇంకా కిందికి దించి, మాటకీ ఉరుముకీ మధ్య ఎక్కడో నిలబెట్టండి. డెత్ మెటల్ గాయకుడు పాడేది అలాగే ఉంటుంది. గొంతు చించుకుంటే వచ్చే శబ్దం కాదది. మన స్వరతంత్రులకి కాస్త పైన ఇంకో జత మడతలుంటాయి. మామూలుగా పాడేటప్పుడు వాటితో పనిలేదు. వీళ్ళు పొట్టలోంచి ఊపిరి తీసి ఆ మడతల్ని అదిలిస్తారు. సాధన లేకుండా వారం రోజులు అరిస్తే, ఎనిమిదో రోజున ఇంట్లో మంచినీళ్ళు అడగడానిక్కూడా గొంతుండదు, జాగ్రత్త! దీనికి తోడు శ్రుతి దించిన గిటార్లు, రెండు పాదాలతోనూ తొక్కే డ్రమ్ము, పరుగులాంటి తాళం. ఇంతే సరంజామా.

ఇక కథలోకి వద్దాం.

ఛక్ షుల్డినర్ 1967 మే 13న న్యూయార్క్ దగ్గర లాంగ్ ఐలాండ్‌లో పుట్టాడు. పసితనంలోనే కుటుంబం ఫ్లోరిడా రాష్ట్రానికి మకాం మార్చింది. ఛక్‌కి తొమ్మిదేళ్ళప్పుడు అన్న ఫ్రాంక్ కారు ప్రమాదంలో పోయాడు. ఇంటిల్లిపాదీ కుంగిపోయారు. చిన్నవాడు ఆ దిగులులోంచి బయటపడతాడేమోనని తల్లిదండ్రులు గిటారు కొనిచ్చారు. మేస్టారి దగ్గర పాఠాలు రుచించలేదు. కొన్నాళ్ళకే మానేశాడు. ఎలక్ట్రిక్ గిటారు చేతికొచ్చాక మాత్రం దాన్ని వదిలింది లేదు.

పదహారేళ్ళకి, 1983లో, మరో ఇద్దరు కుర్రాళ్ళతో కలిసి ‘మాంటస్’ అని బ్యాండు పెట్టాడు. మరుసటి ఏడాది దాని పేరు ‘డెత్’గా మారింది. చదువు మీద విసుగు పుట్టి బడి మానేశాడు. ఆ తర్వాత అలా మానేసినందుకు చింతించాడు కూడా. బ్యాండు పెట్టే తమ్ముళ్ళు ఈ వాక్యం ఇంకోసారి చదువుకోవాలని మనవి!

వాళ్ళ ఊళ్ళోనూ ఈ రకం సంగీతం వినే నాథుడు లేడు. రేడియో వెయ్యదు, రికార్డు కంపెనీ రానివ్వదు. మరి ఏం చేశారు?

క్యాసెట్ రికార్డు చేశారు. పోస్టులో వేశారు!

మీలో చాలామంది క్యాసెట్ ముఖం చూసి ఉండరు గనక చెప్తున్నాను. 1980లలో మా విజయనగరంలోనూ ఒక పద్ధతుండేది. కాయితం మీద మనకి కావలసిన పాటల పేర్లు రాసి, ఖాళీ క్యాసెట్‌తో సహా కొట్లో ఇస్తే, రెండ్రోజుల్లో అన్నీ ఎక్కించి ఇచ్చేవాడు. ‘ఎ’ సైడు ఘంటసాల, ‘బి’ సైడు బాలు. ఆ క్యాసెట్ పక్కింటివాళ్ళు అడిగి పట్టుకెళ్ళి ఇంకోటి ఎక్కించుకునేవారు. ఒక్కో కాపీకి ‘సుయ్’మనే చప్పుడు కొంచెం పెరిగేది. అయిదో చేతికి వచ్చేసరికి సుశీలమ్మ వానలో నిలబడి పాడుతున్నట్టుండేది.

సరిగ్గా ఇదే పని అమెరికా, యూరప్ కుర్రాళ్ళు పోస్టులో చేశారు. దాన్ని టేప్ ట్రేడింగ్ అనేవాళ్ళు. నీ దగ్గరున్నది నాకు పంపు, నా దగ్గరున్నది నీకు పంపుతాను. డబ్బు ప్రసక్తి లేదు. స్టాంపులకి కూడా డబ్బుల్లేనివాళ్ళు వాటిపైన సబ్బో జిగురో పూసి పంపేవారు. అవతలివాడు పోస్టాఫీసు ముద్ర కడిగేసి అదే స్టాంపు తిప్పి అంటించేవాడు! ఇది నేరమే. అనుకరించవద్దు. అంతటి ఆకలి ఉండేదని మాత్రమే చెప్తున్నాను. చేత్తో టైపు కొట్టి జిరాక్సు తీసిన చిన్న పత్రికలుండేవి. ఏ ఊళ్ళో ఏ బ్యాండు పుట్టింది, ఎవరికి రాస్తే క్యాసెట్ పంపుతారు, ఆ వివరాలన్నీ వాటిల్లోనే.

ఆ దారిలో డెత్ క్యాసెట్లు ఊళ్ళు దాటాయి, సముద్రాలు దాటాయి. ఒక్క ఉదాహరణ చెప్తాను. 1985లో ఛక్‌కి తోడు వాయించేవాళ్ళు కరువయ్యారు. ఎక్కడో మిషిగన్‌లో, వెయ్యి మైళ్ళ అవతల, ఇలాంటి సంగీతమే వాయించే ఇద్దరు కుర్రాళ్ళు క్యాసెట్ల ద్వారా పరిచయమయ్యారు. వాళ్ళు మూటాముల్లే సర్దుకుని ఫ్లోరిడా వచ్చేశారు! ఆ పొత్తు నిలవలేదనుకోండి, అది వేరే సంగతి. మరుసటి ఏడు ఛక్ తానే గిటారు పట్టుకుని కెనడాలో టొరంటో వెళ్ళాడు, ఒక బ్యాండులో చేరడానికి. రెండు వారాలకే తిరుగుటపా. అక్కణ్ణించి కాలిఫోర్నియా. అక్కడ క్రిస్ రీఫర్ట్ అనే కుర్ర డ్రమ్మరు కలిశాడు. ఇద్దరూ కలిసి 1986లో ‘మ్యూటిలేషన్’ అనే క్యాసెట్ చేశారు. అది విని కంబాట్ రికార్డ్స్ అనే కంపెనీ ముందుకొచ్చింది.

1987లో మొదటి ఆల్బమ్ ‘స్క్రీమ్ బ్లడీ గోర్’ వచ్చింది. డ్రమ్ములు రీఫర్ట్‌వి. గిటారు, బేసు, గొంతు... మూడూ ఛక్‌వే! సినిమా ప్రియులకి ఒక కబురు. అందులో చాలా పాటలు హారర్ సినిమాలు చూసి రాసినవే. ‘ఈవిల్ డెడ్’ అనే పాట కూడా ఉంది. దెయ్యాల సినిమా అంటే పడిచచ్చే కుర్రాడు రాస్తే ఎలా ఉంటుందో అలాగే ఉంటుంది, నెత్తురు మడుగు!

ఇక్కడితో ఆగిపోయినా బ్యాండుకి పేరుండేది. ఛక్ ఆగలేదు. 1988లో ‘లెప్రసీ’. 1990లో ‘స్పిరిచ్యువల్ హీలింగ్’ దగ్గరికొచ్చేసరికి దెయ్యాలు తప్పుకుని మనుషులు వచ్చారు. మత్తుమందులు, మతం పేరిట మోసం చేసే బోధకులు పాటల్లోకి ఎక్కారు. ఆ ఏడాదే ఒక గొడవ. యూరప్ పర్యటనకి ఏర్పాట్లు సరిగా లేవని ఛక్ రానన్నాడు. మిగతావాళ్ళు అతను లేకుండానే, వెంట ఉండే పనివాళ్ళని వేదిక ఎక్కించి ప్రదర్శనలు కానిచ్చేశారు. ‘దానవీరశూరకర్ణ’ని ఎన్టీఆర్ లేకుండా ఆడినట్టన్నమాట!

తిరిగొచ్చాక ఛక్ బ్యాండు స్వరూపమే మార్చేశాడు. ప్రతి ఆల్బమ్‌కీ తనకి కావలసిన వాద్యగాళ్ళని పిలిచేవాడు. 1991లో ‘హ్యూమన్’. జాజ్ సంగీతం ఒంటబట్టిన సినిక్ బ్యాండు కుర్రాళ్ళు పాల్ మాస్విడాల్, షాన్ రైనర్ట్ అందులో వాయించారు. ఆ లయ విని పాతవాళ్ళు బుర్రలు గోక్కున్నారు. ‘ఇది మన డెత్ కాదు’ అన్నవాళ్ళూ ఉన్నారు. ఛక్ వెనక్కి తగ్గలేదు. 1993లో ‘ఇండివిడ్యువల్ థాట్ పాటర్న్స్’, 1995లో ‘సింబాలిక్’, 1998లో ‘ది సౌండ్ ఆఫ్ పర్సీవరెన్స్’. మొత్తం ఏడు ఆల్బమ్‌లు. ‘డెత్ మెటల్ పితామహుడు’ అని బిరుదిస్తే నాకొద్దన్నాడు. తనకంటే ముందువాళ్ళున్నారన్నాడు. మనవాళ్ళకి బిరుదులంటే ఎంత ప్రీతో తెలిసినవాణ్ణి గనక ఈ సంగతి నాకు మరీ నచ్చింది.

ఇక్కణ్ణుంచి కథ బరువెక్కుతుంది.

1999 మే 13. ఛక్ ముప్ఫై రెండో పుట్టినరోజు. మెడ నొప్పి అని మొదలైంది, మెదడు మూలంలో గడ్డ అని ఆ రోజే తేలింది. ఆపరేషన్ ఖర్చు ఆ కుటుంబం తాహతుకి మించినది. ఏడు ఆల్బమ్‌లు చేసినవాడికి ఆ డబ్బు లేదా అంటారా? లేదు. అండర్‌గ్రౌండ్ అంటే అదే మరి. పేరు ఖండాలు దాటుతుంది, డబ్బు గుమ్మం దాటి లోపలికి రాదు.

అప్పుడు వచ్చింది ఉత్తరాల ప్రపంచం. ఒకప్పుడు క్యాసెట్లు పంపుకున్న మనుషులూ, వాళ్ళ తర్వాతివాళ్ళూ చందాలు వేశారు. బ్యాండ్లు అతని కోసం కచేరీలు చేసి వసూళ్ళు ఇచ్చేశాయి. 2000 జనవరిలో ఆపరేషన్ అయింది. కొంత కోలుకుని మళ్ళీ పాటల పనిలో పడ్డాడు. 2001లో జబ్బు తిరగబెట్టింది. ఆ ఏడు డిసెంబరు 13న వెళ్ళిపోయాడు. ముప్ఫై నాలుగేళ్ళు.

చందాలు ప్రాణం నిలపలేదు. నిజమే. అయినా ఒక ఏడాదిన్నర గడువు తెచ్చాయి. ఆ గడువులో అతను గిటారు పట్టుకోగలిగాడు. 2012లో అతని పాత సహచరులు ‘డెత్ టు ఆల్’ పేరిట ఆ పాటలు మళ్ళీ వేదిక మీద వాయించడం మొదలెట్టారు. ఛక్ బతికుండగా పుట్టనైనా లేని పిల్లలు ముందు వరసలో నిలబడి గొంతు కలిపారు.

ఇప్పుడు చెప్పు తమ్ముడూ, పదిమంది అంటే తక్కువా?

లక్షమంది విని మర్చిపోయే పాటకి ఆ లక్షమందీ బలం. ఇలాంటి సంగీతానికి పదిమంది చాలు. ఆ పదిమందీ ఇంకో పదిమందికి మోసుకెళ్ళే రకం అయితే చాలు. మన ప్రాంతానికి ఇది కొత్త కాదు. తప్పెటగుళ్ళు చూడండి. గుండెకి రేకు తప్పెట, కాళ్ళకి గజ్జెలు, ఊరూరా తిరిగే బిడారం. ఏ కంపెనీ రికార్డులేసి వాళ్ళని నిలబెట్టింది? తండ్రి చూసి కొడుకు, గురువు చూసి కుర్రాడు నేర్చుకోబట్టి నిలిచింది. ఘంటసాలగారు విజయనగరంలో సంగీతం నేర్చుకునే రోజుల్లో మధుకరం ఎత్తి భోంచేశారని మీకు తెలుసు. ఆ రోజున ఆయన జోలెలో పిడికెడన్నం వేసిన ఇల్లాళ్ళకి ఆ కుర్రాడు రేపు ఏమవుతాడో తెలుసా? పాడుకునే కుర్రాడు పస్తుండకూడదని వేశారు. వినేవాళ్ళంటే వాళ్ళూ వినేవాళ్ళే అని నా లెక్క.

మన తెలుగు నేలమీదా ఈ సంగీతం వేళ్ళూనింది. హైదరాబాద్ బ్యాండు ‘గాడ్‌లెస్’ అచ్చమైన డెత్ మెటల్. 2016లో ‘సెంచురీస్ ఆఫ్ డెకడెన్స్’, 2018లో ‘స్వార్మ్’ అని రెండు చిన్న రికార్డులు చేసి, 2021లో ‘స్టేట్స్ ఆఫ్ కేయాస్’ అనే పూర్తి ఆల్బమ్ తెచ్చారు. సినిమా పాటే సంగీతం అనుకునే ఊళ్ళో ఒక్క సినిమా పాటా లేకుండా!

కాబట్టి డ్రమ్ములు లేవని ఆగకండి. పైడితల్లమ్మ పండగకీ పెళ్ళిళ్ళకీ వాయించే ఆర్కెస్ట్రా అన్నలున్నారు. మర్యాదగా వెళ్ళి అడిగితే ఖాళీ రోజుల్లో డ్రమ్ముల మీద చెయ్యి వెయ్యనివ్వరా? తాళం నేర్పడానికి వాళ్ళకంటే గురువులెవరు? ఫోనులో రికార్డు చెయ్యండి. లైకులు లెక్కపెట్టుకుంటూ కూచోకుండా, నిజంగా వినే ఒక్కడికి పంపండి, ‘నీకు నచ్చితే ఇంకొకడికి పంపు’ అని రాసి. ఛక్ చేసింది ఇంతే. అతనికి స్టాంపు ఖర్చుండేది, మీకదీ లేదు.

నాన్నగారి ప్రశ్నకి కూడా జవాబివ్వాలిగా? పాటే బాబూ, పాటే. కాకపోతే పూనకం ఉన్న పాట.

వినాలని సరదా పుట్టినవాళ్ళు ‘హ్యూమన్’తోనో ‘సింబాలిక్’తోనో మొదలుపెట్టండి. తిన్నగా ‘స్క్రీమ్ బ్లడీ గోర్’లో దూకొద్దు. ఇంట్లో పెద్దవాళ్ళు మధ్యాహ్నం కునుకు తీసే వేళ అసలే వద్దు!