హంతకుని కథ, చూపరుల తీర్పు

కొలంబియా దేశములోని మెడెలిన్ నగరములో 2012వ సంవత్సరమున బీదపేటల పిల్లల చేతికి ఒక బొమ్మల పుస్తకము వచ్చినది. తెలుగునాట పిల్లలు క్రికెట్ ఆటగాండ్ర బొమ్మలను కూడబెట్టినట్లే అక్కడి పిల్లలు పొట్లములు కొని, అందులోని బొమ్మలను పుస్తకపు గళ్ళలో అంటించుచుండిరి. ఆ బొమ్మలు ఆటగాండ్రవి కావు. ఆ దినములలో టెలివిజన్‌లో రాత్రివేళ నడుచుచున్న ఒక ధారావాహికలోనివి. ఆ కథకు నాయకుడు పాబ్లో ఎస్కోబార్. కొకెయిన్ వ్యాపారముతో ప్రపంచపు సంపన్నులలో ఒకడుగా లెక్కకు వచ్చినవాడు. న్యాయశాఖ మంత్రిని, పత్రికా సంపాదకుని, అధ్యక్షపదవికి పోటీ చేయుచున్న నాయకుని చంపించినవాడు. అతడు పోలీసుల తుపాకులకు బలియైనది 1993లో. బొమ్మలు కూడబెట్టిన ఆ పసివారెవ్వరును అప్పటికి పుట్టియే యుండలేదు.

విచిత్రమేమనగా, ‘ఎస్కోబార్, ఎల్ పత్రోన్ దెల్ మాల్’ అను ఈ ధారావాహికను తీసినవారు అతనిని కొనియాడుటకు పూనుకొన్నవారు కారు. అతనిచేత దెబ్బతిన్న కుటుంబములవారే. నిర్మాతలలో ఒకరైన కామిలో కానో, ‘ఎల్ ఎస్పెక్తదోర్’ దినపత్రిక సంపాదకుడు గియెర్మో కానో కుమారుడు. ఎస్కోబార్ 1982లో కొలంబియా ప్రతినిధుల సభకు ప్రత్యామ్నాయ సభ్యుడుగా ఎన్నికై పెద్దమనిషిగా చెలామణి యగుచుండగా, 1976లో అతడు మాదకద్రవ్యములతో పట్టుబడిన పాత వార్తను 1983లో మరల ప్రచురించి ముసుగు తొలగించినది ఆ పత్రికయే. ఫలితముగా 1986 డిసెంబరు 17వ తేదీన, కార్యాలయము నుండి వెలుపలికి వచ్చిన సంపాదకుని కాల్చి చంపినారు. అంతటితో పగ చల్లారక 1989 సెప్టెంబరులో ఆ కార్యాలయమునే బాంబుతో పేల్చినారు. మరియొక నిర్మాత హువానా ఉరీబె. ఆమె తల్లి, పత్రికారచయిత్రి మరూహా పచోన్‌ను 1990 నవంబరులో ఎస్కోబార్ మనుషులు ఎత్తుకొనిపోయి మరుసటి సంవత్సరము మే వరకు బంధించినారు. గాబ్రియేల్ గార్సియా మార్క్వెజ్ ఆ అపహరణలను గూర్చియే 1996లో ఒక గ్రంథము వెలువరించినారు. 1989 ఆగస్టు 18వ తేదీన సోఆచా పట్టణములో ఎన్నికల సభలో హతుడైన లూయిస్ కార్లోస్ గలాన్, ఆ తల్లికి సోదరి భర్త.

ఇట్టివారు ఈ కథను చెప్పుటకు పూనుకొన్నారనగా, చచ్చినవారికి కూడ కథలో చోటు దొరకవలెనన్నదే వారి కోరిక. హతులను వారి నిజమైన పేర్లతోనే చూపినారు. చరిత్ర ఎరుగనివారికి అదే చరిత్ర మరల అనుభవము కాక తప్పదన్న హెచ్చరికను ముందుంచినారు. సదుద్దేశమును శంకింప పనిలేదు. అయినను పిల్లల పుస్తకములోనికి ఎక్కినది హెచ్చరిక కాదు. ఆ పుస్తకము నిర్మాతలు వేసినది కాదన్నది నిజమే. ఎవరో అనుమతి లేక అచ్చువేసి అమ్మినారు. కాని కొన్నవారు ప్రేక్షకులే.

ఇట్టి ధారావాహికలను సమర్థించు ప్రేక్షకులు ఎల్లప్పుడును చెప్పు మాట ఒకటి కలదు: “చివరకు దుష్టుడు చచ్చును గదా, ఇక హాని యేమి?” తరగతిగదిలో ఉపాధ్యాయుడు ఈ ప్రశ్న తెచ్చినను విద్యార్థుల నుండి మొదట వచ్చు సమాధానము ఇదియే కావచ్చును. ఎస్కోబార్ చచ్చినమాట నిజమే. 1993 డిసెంబరు 2వ తేదీన మెడెలిన్‌లో ఒక ఇంటికప్పు మీద పడిపోయినాడు. కాని కథ ముగింపు ఒక్క రాత్రిలో తీరిపోవును. అంతకుముందు ప్రేక్షకుడు మాసములు తరబడి ప్రతిరాత్రి ఆ మనిషితో కూర్చుండును. అతడు తల్లికి మ్రొక్కుట చూచును, బిడ్డను ముద్దాడుట చూచును, పోలీసులు తలుపు తట్టినప్పుడు అతనితోపాటు గుండె దడదడలాడించుకొనును. గలాన్ హతుడైన పిదప కథలోనికి రాడు. గియెర్మో కానో హతుడైన పిదప రాడు. హంతకుడు మాత్రము చివరివరకు వచ్చుచునే యుండును. ఆరు నెలలు సహవాసము చేసిన వారు వీరగుదురని తెలుగు సామెత. నీతి ముగింపులో ఉండును, ప్రీతి సహవాసములో పుట్టును. ధారావాహిక అను ప్రక్రియలో సహవాసమునకే నిడివి ఎక్కువ.

ఈ సహవాసము ఎంతదూరము తీసికొనిపోగలదో అమెరికాలో ఒక కల్పితకథ చూపినది. 2008 నుండి 2013 వరకు నడచిన ‘బ్రేకింగ్ బ్యాడ్’లో కథానాయకుడు ఒక బడిపంతులు, న్యూ మెక్సికో రాష్ట్రములోని ఆల్బుకెర్కీ నగరములో రసాయనశాస్త్రము బోధించువాడు. ఊపిరితిత్తుల క్యాన్సరు సోకినదని తెలిసి, కుటుంబమునకు డబ్బు మిగుల్చుట కొరకు మెథాంఫెటమైన్ అను మత్తుమందును వండ మొదలుపెట్టును. క్రమముగా మెక్సికో ముఠాలతో వ్యాపారము, హత్యలు. ఉపాధ్యాయునికి చాలని జీతము, వైద్యపు ఖర్చు, చిన్నచూపు: ఈ మూడింటిని చూచి జాలిపడని పంతులు ఏ దేశములోనైనను అరుదు. ఆ జాలి న్యాయమే. కాని ప్రేక్షకుల కోపము ఎవరిమీద పడినది? అతడు విషమిచ్చిన వారి పక్షమున ఆ హంతకునిపై కాదు, “ఈ డబ్బు మనకు వద్దు, బిడ్డలకు ప్రమాదము” అని అడ్డుపడిన భార్య స్కైలర్ మీద! ఆ పాత్రను ద్వేషించుటకే ప్రత్యేకముగా బృందములు ఏర్పడినవి. ద్వేషము పాత్రను దాటి ఆ వేషము కట్టిన నటీమణి ఆనా గన్‌ను తాకినది. ఆమెను చంపెదనను మాటలు సైతము వ్రాతలలో కనిపించినవి. 2013 ఆగస్టులో ఆమె ‘న్యూయార్క్ టైమ్స్’ పత్రికలో ఈ విషయమై ఒక వ్యాసము వ్రాసి, భర్తకు ఎదురుతిరిగిన భార్యను చూపరులు ఓర్వలేకపోవుటయే ఇందులో కొంత కారణమని చెప్పినారు. పాపము చేయువానికంటె, వద్దని చెప్పి కథకు అడ్డుతగులువారు ప్రేక్షకునికి శత్రువులగుట గమనింపదగినది. కథ సాగవలెననినచో నేరము సాగవలెను గదా.

ఈ మాటకు ఒక ఆక్షేపణ రావచ్చును. ప్రతినాయకుని మెచ్చుకొనుట తెలుగు ప్రేక్షకునికి క్రొత్తయా? పద్యనాటకములలో దుర్యోధనుని పద్యమునకు వన్స్ మోర్ అన్నవారు ద్రౌపదికి శత్రువులా? 1958లో ‘భూకైలాస్’లో రావణుని భక్తిని చూచి కన్నీరు పెట్టినారు, 1977లో ‘దానవీరశూర కర్ణ’లో దుర్యోధనునికి జేజేలు పలికినారు, ఎవరును చెడిపోలేదు. ఈ ఆక్షేపణ బలమైనదే. అయితే దుర్యోధనుని చేతిలో చచ్చినవాని కుమారుడు ప్రేక్షకులలో కూర్చుండి యుండలేదు. పురాణకథలో దుఃఖము కాలముచేత కడుగబడినది. ఎస్కోబార్ కథలో దుఃఖమునకు ఇంకను ఇంటి చిరునామా ఉన్నది. ఈ తేడాను విడిచి చేయు వాదమంతయు గాలిలో పోవును. 2021లో వచ్చిన ‘పుష్ప’ చిత్రములో ఎర్రచందనపు కూలీ దొంగరవాణాకు అధిపతి యగుట చూచి దేశమంతయు చప్పట్లు కొట్టినది. ఆ నటునికి జాతీయ బహుమతియు వచ్చినది. కథ కల్పితము, నటన మెచ్చదగినది. కాని అదే శేషాచలపు అడవిలో 2015 ఏప్రిల్ 7వ తేదీన కాల్పులలో 20 మంది కూలీలు మరణించినారు. ధర్మపురి, తిరువణ్ణామలై ప్రాంతములలోని వారి ఇండ్లలో ఆ చిత్రము వేరుగా కనిపించి యుండునని ఊహించుటకు గొప్ప వివేకము అక్కరలేదు.

కొలంబియాలో ఈ తేడా బట్టబయలైనది 2015 ఆగస్టులో ‘నార్కోస్’ వచ్చినప్పుడు. నెట్‌ఫ్లిక్స్ సంస్థ ప్రపంచమంతటికి ఒక్కసారిగా చూపిన ఈ ధారావాహికలో కథ చెప్పువాడు అమెరికా మాదకద్రవ్య నిరోధశాఖ ఉద్యోగి. ఎస్కోబార్ వేషము కట్టిన వాగ్నర్ మౌరా బ్రెజిల్ దేశస్థుడు, మాతృభాష పోర్చుగీసు, ఈ వేషము కొరకే స్పానిషు నేర్చుకొన్నవాడు. మెడెలిన్ ప్రాంతపు యాస స్పానిషులో ప్రత్యేకమైనది. అతని భార్య వేషమునకు మెక్సికో నటి. వెలుపలి దేశములవారికి ఇది వినిపించనే లేదు. వారు ఉపశీర్షికలు చదువుకొని భేష్ అన్నారు. కొలంబియా ప్రేక్షకులు మాత్రము నొసలు చిట్లించినారు. కరీంనగరపు కథలో కొడుకొక యాస, తల్లియొక యాస మాట్లాడినచో అక్కడివారు నవ్వకుందురా? ఇది యాసను గూర్చిన చిల్లర తగాదావలె తోచును గాని అందులో అసలు ఫిర్యాదు దాగియున్నది: కథ మాది, చెప్పువారు వేరు, వినువారు వేరు.

1989 నవంబరు 27వ తేదీన ఆవియాంకా సంస్థ విమానమును బాంబుతో పేల్చినప్పుడు అందులోని 107 మందియు, నేలమీద ముగ్గురును మరణించినారు. ఎవరిని చంపుటకు బాంబు పెట్టినారో ఆ సెసార్ గవీరియా విమానము ఎక్కనే లేదు, తరువాత దేశాధ్యక్షుడైనాడు. దూరదేశపు ప్రేక్షకునికి ఇది ఊపిరి బిగబట్టించు ఘట్టము. చచ్చినవారి బంధువులకు అది తేదీ. 2016 డిసెంబరులో మాడ్రిడ్ నగరపు నడిబొడ్డున ‘నార్కోస్’ ప్రకటనగా తెల్లని క్రిస్మస్ శుభాకాంక్షలతో ఎస్కోబార్ ముఖము వ్రేలాడదీసినారు. తెలుపనగా కొకెయిన్ అని చమత్కారము. కొలంబియా ప్రభుత్వము దానిని తొలగింపుమని కోరవలసి వచ్చినది. చమత్కారము చేసినవారు క్రూరులని అనలేము. వారికి ఎస్కోబార్ ఒక పాత్ర, అంతే.

అట్లని కొలంబియావారందరిది ఒకే అభిప్రాయమనుకొన్నచో పొరపాటే. మెడెలిన్ కొండచరియలో పాబ్లో ఎస్కోబార్ పేరుతోనే ఒక పేట కలదు. నగరపు చెత్తదిబ్బ మీద గుడిసెలు వేసికొని బ్రతికినవారికి అతడు 1980ల దశాబ్దములో అక్కడ వందలకొలది ఇండ్లు కట్టించి ఇచ్చినాడు. గోడమీద అతని బొమ్మ నేటికిని ఉన్నది. ఆ ఇంటిలో కూర్చుండి ధారావాహిక చూచువానికి అతడు హంతకుడని చెప్పినచో, అది తెలియదని అనడు. ప్రభుత్వము ఇయ్యని కప్పు అతడు ఇచ్చినాడని అనును. ఈ ప్రేక్షకుని మూఢుడని కొట్టివేయుట చదువుకొన్నవారికి సులభము. అదే సంవత్సరములలో అదే నగరములో కూలికి హత్యలు చేసిన పిల్లలును ఇట్టి పేటలవారే, చచ్చినవారిలో అనేకులును ఇట్టి పేటలవారే యన్నది వేరొక నిజము. 1991 ఒక్క సంవత్సరములో ఆ నగరములో ఆరు వేలకు పైగా హత్యలు జరిగినవి. ఇండ్లు లెక్కపెట్టినవారు ఈ లెక్కను కూడ ప్రక్కన వ్రాసికొనవలెను. ధారావాహికలు ఇండ్లను చక్కగా చూపును, ఈ ఆరు వేలను చూపుటకు వాటికి వ్యవధి చాలదు.

ఇక ప్రేక్షకులలో నేరస్థులును కలరు! మెక్సికో ముఠానాయకుడు హోవాకీన్ గుజ్మాన్, ‘ఎల్ చాపో’, 2015 జూలైలో చెరసాల నుండి సొరంగమార్గమున పారిపోయి, పోలీసులు గాలించుచుండగా దాగియుండి, అక్టోబరులో ఒక నటిని కలిసికొన్నాడు. ఆమె కేట్ దెల్ కాస్తియో. 2011లో ‘లా రెయీనా దెల్ సూర్’ ధారావాహికలో మాదకద్రవ్య వ్యాపారపు రాణిగా నటించినది. అతని కోరిక తన జీవితమును చలనచిత్రముగా తీయించుకొనుట. 2016 జనవరిలో పట్టుబడినాడు. నటులతో జరిపిన రాయబారములు కూడ జాడ తెలియుటకు తోడ్పడినవని మెక్సికో అధికారులే చెప్పినారు. 2019 జనవరిలో న్యూయార్కు న్యాయస్థానములో విచారణ జరుగుచుండగా, ‘నార్కోస్: మెక్సికో’లో తన వేషము కట్టిన నటుడు ప్రేక్షకుల వరుసలో కూర్చుండినాడని విని అతడు మురిసిపోయి చిరునవ్వు నవ్వినాడు. ఆవల సాక్షులు హత్యలను గూర్చి చెప్పుచునే యున్నారు.

కోపము వచ్చినప్పుడు నిషేధము గుర్తుకు వచ్చును. మెడెలిన్ నగరపాలకులు మరియొక మార్గము చూచినారు. ఎస్కోబార్ నివసించిన ‘మోనాకో’ భవనమును చూచుటకు ధారావాహికల పుణ్యమా యని విదేశీయాత్రికులు బారులు తీరుచుండగా, 2019 ఫిబ్రవరి 22వ తేదీన దానిని నేలమట్టము చేసి, ఆ స్థలములో మృతుల స్మృత్యర్థము ఒక ఉద్యానము నెలకొల్పినారు. 2024 ఏప్రిల్‌లో ఐరోపా సమాఖ్య న్యాయస్థానము ఎస్కోబార్ పేరును వ్యాపారచిహ్నముగా నమోదు చేయుటకు నిరాకరించినది. ఆ పేరు వినగానే సాధారణ పౌరునికి స్ఫురించునది హత్యలు, మత్తుమందులే గాని దానధర్మములు కావని తీర్పు. ప్రజాభిప్రాయమును ఒక న్యాయస్థానము ఈ విధముగా తూచుట అపూర్వము కాకపోయినను ఆసక్తికరము.

అదే సంవత్సరము కొలంబియా శాసనసభలో ఎస్కోబార్ బొమ్మలున్న చొక్కాలు, కప్పులు మొదలగువాని అమ్మకమును నిషేధించు బిల్లు వచ్చినది. మృతుల కుటుంబములవారు సమర్థించినారు. వీధులలో ఆ చొక్కాలు అమ్ముకొని పొట్టపోసికొను మెడెలిన్ చిరువర్తకులు అభ్యంతరము చెప్పినారు. ధారావాహికను చూచి విమానమెక్కి వచ్చిన యాత్రికుడు అడుగునది ఆ చొక్కానే. గలాన్ బొమ్మ ఉన్న చొక్కాను అడుగడు.