కథ రాలిన మూలాలు: ఆంగ్లపాఠంలో గ్రీకు పదమూలాలు, తెలుగు శాఖల మౌనం

అమెరికాలో 2010లో వెలువడి అనేక రాష్ట్రాలు స్వీకరించిన కామన్ కోర్ ప్రమాణాలు నాలుగో తరగతి ఆంగ్లబోధనకు రెండు లక్ష్యాలను వేర్వేరు శీర్షికల కింద నిర్దేశించాయి. పురాణపాత్రలను స్ఫురింపజేసే పదాల అర్థాన్ని విద్యార్థి గ్రహించాలన్నది సాహిత్యపఠనం కింద చెప్పిన లక్ష్యం. అందుకు ఇచ్చిన ఉదాహరణ ‘హెర్క్యూలియన్’. గ్రీకు, లాటిన్ మూలాలనూ ప్రత్యయాలనూ ఆసరా చేసుకొని తెలియని పదానికి అర్థం ఊహించగలగాలన్నది భాష కింద చెప్పినది. అందుకు టెలిగ్రాఫ్, ఫొటోగ్రాఫ్, ఆటోగ్రాఫ్ ఉదాహరణలు. శీర్షికలు వేరైనా కథా పదమూలమూ ఒకే ఉపాధ్యాయుడి చేతిలో, ఒకే విద్యాసంవత్సరంలో ఉన్నాయి. మన ఆంగ్లమాధ్యమ పాఠశాలలకు ఈ పాఠం చేరేసరికి కథ రాలిపోయింది. మూలాలు మాత్రం పోటీపరీక్షల పుస్తకాల దారిన జాబితాలై వచ్చాయి: బయో అంటే జీవం, జియో అంటే భూమి, హైడ్రో అంటే నీరు. ఎడమవైపు మూలం, కుడివైపు అర్థం, నడుమ ఒక గీత. నార్మన్ లూయిస్ 1949లో ప్రచురించిన ‘వర్డ్ పవర్ మేడ్ ఈజీ’ని ఇందుకు తప్పుపట్టడం న్యాయం కాదు. ఆ పుస్తకం పదాల పుట్టుకను ఓపికగానే వివరించింది. దాని నుంచి జాబితాలు పిండుకున్నవారు వివరణను వదిలేశారు.

ఈ పాఠం మన పిల్లలకు అనవసరమనీ, పరాయి పురాణాలకు బదులు మన పురాణాలు చెబితే చాలుననీ మన శాఖల్లో తరచు వినవచ్చే మాట. ఆ మాటను ఖండించడానికే ఈ వ్యాసం. గ్రీకు మూలాల పాఠం ఉండాలి, కథతో సహా ఉండాలి. అది సక్రమంగా ఉండాలంటే కావలసిన పరిజ్ఞానంలో సగం తెలుగు శాఖల దగ్గరే ఉంది. ఆ సగాన్ని మనం ఇవ్వడం లేదు సరికదా, మన సొంత తరగతిలోనే పాడుచేస్తున్నాం.

పరిభాష గురించి ఒక మాట. మన వ్యాకరణంలో ధాతువు క్రియామూలం. ఆంగ్లబోధకులు ‘రూట్’ అనే మాటను నామప్రాతిపదికలకు కూడా వాడతారు. కనుక ఇక్కడ ‘పదమూలం’ అనే మాటనే వాడుతున్నాను.

జాబితా ఎక్కడ తప్పుదారి పట్టిస్తుందో చూపడానికి ఒక్క ఉదాహరణ చాలు. ‘పెడ్ అంటే పాదం’ అని కంఠస్థం చేసిన విద్యార్థి పెడల్, పెడెస్ట్రియన్ పదాలను సులభంగానే గ్రహిస్తాడు. అదే తర్కంతో పీడియాట్రిషియన్‌ను పాదాల వైద్యుడనుకుంటే వాడి తప్పేముంది? పాదవాచి లాటిన్ పదం. శిశువాచి ‘పైస్, పైదోస్’ గ్రీకు పదం. బ్రిటిష్ వర్ణక్రమంలో రెండో దానికి అదనంగా ఒక అచ్చు మిగిలి తేడాను కాపాడింది. అమెరికన్ వర్ణక్రమం దాన్ని తొలగించింది. ఈ సంగతి చెప్పని జాబితా సగం నిజం మాత్రమే చెబుతుంది. లాటిన్ ‘పెస్, పెదిస్’, గ్రీకు ‘పౌస్, పొదోస్’, సంస్కృత ‘పాద’ శబ్దం ఒకే మూలభాషకు వారసులన్న సంగతి కూడా చెబితే, ట్రైపాడ్‌లో ఉన్నది త్రిపాదమని పిల్లవాడు తానే పోల్చుకోగలడు.

మాధ్యమం మారిన నేటి పరిస్థితిలో దీని అవసరం మరింత పెరిగింది. తెలంగాణలో 2022–23 విద్యాసంవత్సరం నుంచి ప్రభుత్వ పాఠశాలల్లోనూ ఆంగ్లమాధ్యమం ప్రవేశించింది. ప్రైవేటు పాఠశాలల సంగతి చెప్పనక్కరలేదు. తెలుగు మాధ్యమంలో చదివిన తరానికి మైక్రోస్కోపు ‘సూక్ష్మదర్శిని’, టెలిస్కోపు ‘దూరదర్శిని’, థర్మామీటరు ‘ఉష్ణమాపకం’. ఇవి గ్రీకు పదాలను అవయవాలవారీగా విడదీసి మన భాషలో తిరిగి కట్టినవి. పదంలోనే నిర్వచనం ఉంది. ఇప్పటి పిల్లవాడికి ఆ సదుపాయం పోయింది. ఫొటో అంటే వాడికి తెలిసింది స్టూడియోలో దిగేది. మొక్క చేసే ఫొటోసింథసిస్‌లో ఆ ఫొటో ఎందుకుందో ఎవరూ చెప్పరు. గ్రీకులో ‘ఫోస్, ఫోతోస్’ అంటే వెలుగనీ, స్టూడియోలో దిగేది కూడా వెలుగు గీసిన బొమ్మేననీ రెండు నిమిషాల్లో చెప్పవచ్చు. సంస్కృత పరిచయం లేని ఇంటి నుంచి వచ్చిన బిడ్డకు ‘కిరణజన్య సంయోగక్రియ’ కూడా కొరుకుడు పడని మాటే, నిజమే. పారిభాషిక పదాల సంస్కృతభారం మీద వచ్చిన విమర్శ సరైనదే. అయితే కిరణం, క్రియ అనే మాటలు ఆ బిడ్డకు బడి బయట కూడా ఎదురవుతాయి. ‘సింథసిస్’ అలా ఎదురుకాదు. మనం తీసేసిన మెట్టు స్థానంలో మరో మెట్టు కట్టవలసిన బాధ్యత మనమీద లేదా?

ఇక కథ. ‘మన పురాణాలుండగా’ అనేవారు ఎక్కువగా చూపేది భగీరథుణ్ణి. ‘హెర్క్యూలియన్ టాస్క్’ను భగీరథప్రయత్నమని అనువదించి ఊరుకోవచ్చునంటారు. పత్రికల అవసరానికి అది చాలు, తరగతిగదికి చాలదు. హెరాక్లీస్ చేసిన పన్నెండు కార్యాలు అతనికి విధించినవి. ఉన్మాదంలో కన్నబిడ్డలనే చంపుకున్న పాపానికి ప్రాయశ్చిత్తంగా, తనకంటె అల్పుడైన రాజు ఆజ్ఞలకు లోబడి చేసినవి. వాటిలో ప్రధానం దేహబలం. భగీరథుడిది తపస్సు, తన తప్పు లేకపోయినా పితరుల కోసం స్వయంగా ఎత్తుకున్న భారం. చిత్రమేమంటే ఇద్దరూ నదుల్ని మళ్లించినవారే: ఒకరు పశువులశాల కడగడానికి, ఒకరు అరవైవేలమంది బూడిదను తడపడానికి. తెలంగాణ మంచినీటి పథకానికి భగీరథుడి పేరు ఎందుకు అతికిందో, హెర్క్యులిస్ పేరు సైకిలుకు ఎందుకు అతికిందో ఈ తేడా తెలిసిన పిల్లవాడు చెప్పగలడు. రెండు కథలూ తెలిస్తేనే అనువాదం ఎక్కడ జారిందో తెలుస్తుంది. ఒకదాన్ని తీసేసి మరొకదాన్ని పెట్టడం తులనాత్మక అధ్యయనానికి పూర్తిగా విరుద్ధం, అదీ తులనాత్మక సాహిత్యాన్ని పాఠ్యాంశంగా బోధించే శాఖల నుంచే రావడం విచారకరం.

కథ అలంకారం కోసం కూడా కాదు. ఆవర్తన పట్టికలో 73వ మూలకం టాంటాలం. టాంటలస్ అనే రాజు పాతాళంలో గడ్డందాకా నీటిలో నిలబడి ఉంటాడు. దాహంతో వంగితే నీరు వెనక్కి తగ్గిపోతుంది. ఆమ్లంలో ముంచినా దాన్ని తనలోకి తీసుకోలేని లోహాన్ని చూసి స్వీడన్ రసాయనవేత్త ఎకెబెర్గ్ 1802లో ఆ రాజు పేరు పెట్టాడు. ఆ ఖనిజంలోనే దానితో కలిసి ఉండే మరో మూలకానికి జర్మన్ శాస్త్రవేత్త హైన్‌రిష్ రోజ్ 1844లో టాంటలస్ కూతురు నియోబీ పేరిట నియోబియమని పేరు పెట్టాడు. దాని సంఖ్య 41. పట్టికలో ఒకే నిలువు వరుసలో కూతురు పైన, తండ్రి కింద ఉంటారు. ఆశపెట్టి అందకుండా చేయడాన్ని ఆంగ్లంలో ‘టాంటలైజ్’ అనడం కూడా ఈ కథ నుంచే. రసాయనశాస్త్రం, క్రియాపదం, కథ మూడూ ఒక్కచోట కలిసే ఇటువంటి సందర్భాన్ని వదులుకొని ‘టాంటాలం, 73’ అని మాత్రమే వల్లె వేయించడం విద్య అనిపించుకోదు.

ఆంగ్లోపాధ్యాయులను ఇంతగా నిలదీసే అర్హత మనకు ఉందా? మన పదో తరగతి తెలుగు ప్రశ్నపత్రాల్లో ‘వ్యుత్పత్త్యర్థాలు’ అనే అంశం ఉంది. పుత్రుడంటే పున్నామనరకం నుంచి రక్షించేవాడు. గురువంటే అజ్ఞానాంధకారాన్ని తొలగించేవాడు. ఇవి నిరుక్తులు. ఒక విశ్వాసాన్ని పదంలో చదువుకొనే పద్ధతిగా వాటికి గౌరవస్థానమే ఉంది. వాటిని పదజన్మచరిత్రగా పరీక్షలో రాయించడం మాత్రం జాబితా బోధన చేసే తప్పే. గురుశబ్దానికి మూలార్థం ‘బరువైన’ అని. ఛందస్సులో గురులఘువులు నేర్చిన ప్రతి విద్యార్థికీ ఇది తెలియవలసిందే. గురుత్వాకర్షణలో ఉన్నది ఆ అర్థమే. దాని జ్ఞాతిపదాలు లాటిన్‌లో ‘గ్రావిస్’, గ్రీకులో ‘బారుస్’. ఒకదాని నుంచి గ్రావిటీ, రెండోదాని నుంచి బారోమీటరు. మనం బారోమీటరును ‘భారమితి’ అన్నాం. అర్థం సరిపోయింది, ధ్వని కూడా కలిసింది. కాని భారశబ్దానికి ‘బారుస్’తో చుట్టరికం లేదు. భార శబ్దం మోయడమనే అర్థమున్న ‘భృ’ ధాతువుది. దాని గ్రీకు జ్ఞాతి ‘ఫెరో’. వెలుగును మోసేది కనుక ఫాస్ఫరస్. చెవికి దగ్గరగా వినిపించేది చుట్టం కాదు, దూరంగా వినిపించే గురువే చుట్టం. ధ్వనిసామ్యానికీ చరిత్రకూ తేడా చెప్పడానికి ఇంతకంటె మంచి పాఠం మరే భాషలో దొరుకుతుందో నాకు తెలియదు.

ఈ తేడా చెప్పకపోతే ఆ ఖాళీలోకి మరో రకం జాబితా వస్తుంది. జామెట్రీ జ్యామితి నుంచి పుట్టింది, మిథ్ మిథ్య నుంచి పుట్టింది, సర్వభాషలూ సంస్కృతం నుంచే పుట్టాయి! ఉపన్యాసవేదికల మీద చప్పట్లు కొట్టించే ఈ మాటలు పరిశోధనపత్రాల్లోకి కూడా ప్రవేశించడం మనందరికీ తెలిసినదే. జామెట్రీలో ఉన్నవి గ్రీకు భూవాచకమైన ‘గే’, కొలతను తెలిపే ‘మెత్రోన్’. మన ప్రాచీన గణితగ్రంథాల వాడుక క్షేత్రగణితం. గ్రీకు ‘ముథోస్’కు మాట, కథ అని అర్థం, అబద్ధమనే అర్థం తర్వాత చేరినది. అసలు రాకపోకలు రెండువైపులా జరిగాయి. మనం రోజూ అనే ‘కేంద్రం’ జ్యోతిషం ద్వారా సంస్కృతంలోకి వచ్చిన గ్రీకు ‘కెంత్రోన్’. అంటే ములుకు, వృత్తలేఖిని మొన. లాటిన్, ఫ్రెంచి మీదుగా ఆంగ్లంలోకి పోయి ‘సెంటర్’ అయినదీ అదే. జ్యోతిషంలోని ‘హోర’, గడియారంలోని ‘అవర్’ కూడా ఒకే గ్రీకు పదం. కేంద్రప్రభుత్వమని తెలుగులోనూ సెంటర్ అని ఆంగ్లంలోనూ రాసే విద్యార్థి ఒకే గ్రీకు పదాన్ని రెండు లిపుల్లో రాస్తున్నాడు. ఇది తెలిస్తే వాడి ఆత్మగౌరవానికి వచ్చే నష్టమేమిటి?

తెలుగు శాఖలకు దీనిపై మౌనం తగకపోవడానికి మరో కారణం మన శాస్త్రచరిత్రలోనే ఉంది. 1816లో మద్రాసులో వెలువడిన కాంప్‌బెల్ తెలుగు వ్యాకరణానికి ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ ఒక పీఠిక రాశాడు. సంస్కృతధాతువులనూ తెలుగుధాతువులనూ పక్కపక్కన పేర్చి, తెలుగు ధాతువులు వేరనీ, తమిళ కన్నడ ధాతువులతో వాటికి చుట్టరికమనీ అందులో చూపాడు. కాల్డ్వెల్ గ్రంథం రావడానికి అది నలభైయేళ్ల ముందు మాట. తెలుగుకు స్వతంత్రమైన కుటుంబం ఉందన్న సంగతి తేలింది పదమూలాల పట్టిక మీదనే. పట్టిక కాదు దోషం. రెండు వరుసల నడుమ ఉన్న గీత ఏ సంబంధాన్ని సూచిస్తుందో చెప్పకపోవడమే దోషం. ‘పంచ’, గ్రీకు ‘పెంతె’ జ్ఞాతులు, కేంద్రం ఆదానం, సూక్ష్మదర్శిని అనువాదం, మిథ్య, మిథ్ కేవలం పోలిక, అయిదు వీటిలో దేనికీ చెందనిది. ఈ అయిదు రకాలూ తెలుగు పిల్లవాడి నోట ఒక్క పూటలో దొర్లుతాయి.

ఆంగ్లోపాధ్యాయుడికి ఇంత భారమెందుకని అడగవచ్చు. అతనొక్కడే మోయలేడు, నిజమే. తెలుగు అకాడమి ప్రచురించిన పారిభాషిక పదకోశాలు మన గ్రంథాలయాల్లో ఉన్నాయి. ఎనిమిదో తరగతి విజ్ఞానశాస్త్ర, గణిత పుస్తకాల్లోని గ్రీకు పదాలను ఏరి, ఒక్కొక్కదాని పక్కన తెలుగు మాటనూ, పై సంబంధాల్లో ఏదో సూచించే గుర్తునూ, ఉన్నచోట కథనూ చేర్చడం ఒక ఎం.ఫిల్. స్థాయి సిద్ధాంతవ్యాసానికి సరిపోయే పని. ఫలానా కవి కావ్యాల్లో వర్ణనలు అనే అంశం మీద ఇప్పటికే ఉన్న సిద్ధాంతవ్యాసాలకు మరొకటి చేర్చడంకంటె ఇది తక్కువ పనేమీ కాదు. ఆ పట్టికను ఆంగ్ల, తెలుగు ఉపాధ్యాయులు ఒక్క గంట కలిసి కూర్చొని చదివితే పాఠం తయారవుతుంది. పాఠశాలల్లో ఆ గంట దొరకడం కష్టమని తెలుసు. శిక్షణ తరగతుల్లో దొరుకుతుంది.

ఆ పట్టికలో మొదటి మాటగా ‘జింజర్’ను పెట్టమంటాను. గ్రీకులో అది ‘జింగిబెరిస్’; పాలిలో ‘సింగివేర’; సంస్కృతంలో కొమ్ము అనే అర్థం స్ఫురించేలా ‘శృంగవేర’మైంది. ఇది కూడా లోకనిరుక్తే. రామాయణంలో గుహుడి ఊరి పేరులోనూ ఆ మాటే వినిపిస్తుంది. తమిళంలో అల్లాన్ని ఇప్పటికీ ‘ఇంజి’ అంటారు. పదాంతంలో ఉన్నది ద్రావిడభాషల ‘వేర్’ శబ్దమని భాషాశాస్త్రజ్ఞుల్లో ఎక్కువమంది అభిప్రాయం. తెలుగులో ఆ మాట వేరు.