నిద్రవేళ ఒక కథ: మీ నోటితోనే చెప్పండి



1998లో హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. నేడు మాదాపూర్ నుండి గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ వరకు బహుళ అంతస్తుల నివాసాలు నిండిపోయాయి. ఆ ఇళ్ళలో అనేకమంది తల్లిదండ్రులకు పని సాయంత్రంతో ముగియదు. అమెరికాలో తెల్లవారే వేళకు ఇక్కడ సమావేశాలు మొదలవుతాయి. పిల్లలు నిద్రకు ఉపక్రమించే సమయమూ అదే. అప్పుడు పిల్లవాని చేతికి ఫోను అందుతుంది. తల్లిదండ్రులను నిందించడం నా ఉద్దేశం కాదు. అయితే రోజుకు పది నిమిషాలు నోటితో కథ చెప్పడాన్ని పిల్లల ఆరోగ్య సంరక్షణలో భాగంగా పరిగణించాలని నా అభిప్రాయం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో అయిదేళ్ళలోపు పిల్లల కోసం మార్గదర్శకాలు వెలువరించింది. ఏడాది నిండని శిశువులకు తెర వద్దని, రెండు నుండి నాలుగేళ్ళ వారికి రోజుకు గంట మించరాదని సూచించింది. పిల్లలు కదలక కూర్చున్న వేళల్లో పెద్దలు చదివి వినిపించడం, కథలు చెప్పడం మంచిదని కూడా అందులోనే ఉంది. మనం మొదటి సూచనను విని, రెండవదాన్ని విస్మరిస్తున్నాము.

కథ చెప్పే యాప్‌లు ఉండగా మనమెందుకు చెప్పాలని మీరు అడగవచ్చు. పసివారికి భాష అబ్బేది వినడం వల్ల మాత్రమే కాదు. బిడ్డ ఒక శబ్దం చేస్తే, కళ్ళు పెద్దవి చేస్తే, మీరు దానికి బదులు పలుకుతారు. ఈ ఇచ్చిపుచ్చుకోవడంలోనే మాట నేర్పు బలపడుతుంది. యంత్రం బిడ్డ ముఖాన్ని చూసి కథను మలచలేదు. జ్ఞాపకం నుండి చెప్పేవారి చూపు పూర్తిగా బిడ్డపైనే ఉంటుంది. దీపం ఆర్పివేసి కూడా చెప్పవచ్చు. నిద్రకు తోడ్పడే మెలటోనిన్ స్రావాన్ని తెర వెలుతురు తగ్గిస్తుంది కనుక చీకటిలో చెప్పే కథ నిద్రకూ మేలే.

మనందరికీ తెలిసిన ఏడు చేపల కథనే తీసుకోండి. రాజకుమారులు తెచ్చిన చేపల్లో ఒకటి ఎండలేదు. గడ్డిమోపు అడ్డుపడింది. ఆవు దాన్ని మేయలేదు. ఆ వెనుక పాలేరు, అవ్వ, ఏడ్చిన పిల్లవాడు, చివరకు చీమ. ప్రతి ఫలితానికీ ఒక కారణముంటుందని, ఆ కారణానికి మరొక కారణముంటుందని మూడేళ్ళ బిడ్డకు ఇంతకంటే సులువుగా బోధించడం కష్టం. నడుమ మీరు ఒక మెట్టు మరచిపోతే చింతించకండి. బిడ్డే అందించి మిమ్మల్ని సరిదిద్దుతాడు. అలా సరిదిద్దడం అతని జ్ఞాపకశక్తికి మంచి వ్యాయామం.

‘మాకు కథలు రావు’ అనేవారికి ఒక్క మాట. పసివారు విన్న కథనే మళ్ళీ మళ్ళీ కోరుకుంటారు. రెండు మూడు కథలు వస్తే చాలు. మీ చిన్ననాటి ఊరి చెరువు, తప్పిపోయిన దూడ, తాతగారి ఎడ్లబండి, ఇవన్నీ కథలే.

మనుమలను చూసుకునేందుకు ఊళ్ళనుండి వచ్చిన పెద్దలకూ ఇక్కడ ముఖ్యమైన పాత్ర ఉంది. వారిని స్కూలు బస్సు వద్ద ఎదురుచూసే పనికే పరిమితం చేయకండి. కథ చెప్పమని అడగండి. ఊళ్ళోనే ఉండిపోయిన అమ్మమ్మ, నాయనమ్మ అప్పుడప్పుడు వీడియో కాల్‌లో చెప్పినా మేలే. అక్కడ తెర ఉన్నా, అవతల బదులు పలికే మనిషి ఉంటుంది.

వైద్యునిగా ఒక హెచ్చరిక. కథ చికిత్సకు ప్రత్యామ్నాయం కాదు. పదహారు నెలలు నిండినా ఒక్క మాటైనా రాకపోతే, రెండేళ్ళకు రెండేసి పదాలు కలిపి పలకకపోతే, పిలిచినా తిరిగి చూడకపోతే ఆలస్యం చేయక పిల్లల వైద్యునికి చూపించండి. వినికిడి పరీక్ష కూడా చేయించండి. ‘మగపిల్లలకు మాటలు ఆలస్యమే’ అని ఊరకుండవద్దు.

ఇద్దరూ ఉద్యోగస్తులైతే వంతులు వేసుకోండి. సమావేశం లేనివారు ఆ రాత్రి కథ చెప్పాలి. ఈ రాత్రి ఫోనును పక్క గదిలో ఉంచి, ఏడు చేపల కథతో మొదలుపెట్టండి.