పత్తికట్టె పొగ
కర్నూలు జిల్లా కోసిగి నల్లరేగడిలో పత్తి ఏరడం కాగానే కట్టె పీకి, గట్టున కుప్పేసి అగ్గి పెడతారు. రైతును అనలేం. అప్పటికి చాలా ఇళ్లకు తాళాలే. జనం మిరప కోతలకు గుంటూరు వైపు సుగ్గికి (వలస కూలికి) పోయుంటారు. కట్టె నరికి దుక్కిలో కలిపేదెవరు? ఆ మంటలో కర్బనం, నత్రజని గాలిపాలు. బూడిదలో మిగిలేది పొటాష్, కాస్త భాస్వరం. పైగా ఎండలు ముదిరి నేల వేడెక్కేకొద్దీ, పదునున్నన్నాళ్లూ, ఉన్న కర్బనాన్నీ సూక్ష్మజీవులు త్వరగా కరగదీస్తాయి. భూసార పరీక్షలో సేంద్రియ కర్బనం 0.5 శాతం లోపుంటే ‘తక్కువ’ అని రాసి, యూరియా లెక్క చేతిలో పెడతారు. యూరియా నత్రజని ఇస్తుంది, నేలకు తేమ పట్టే గుణం ఇవ్వదు; అది సేంద్రియ ఎరువుతో వస్తుంది. గొర్రెల మంద రాత్రి చేలో పడుకుంటే పెంట, మూత్రం రెండూ అక్కడే దిగుతాయి. యూరియా బస్తాకు సబ్సిడీ ఇచ్చే సర్కారు మంద కట్టించుకునే రైతుకూ అంతో ఇంతో ఇవ్వాలి (గొర్రెలకు ఆధార్ అడక్కుండా). అదీ మే నెలలోపే. విత్తనం పడ్డాక మందను చేలోకి ఎవరూ రానివ్వరు.