మంత్రి యొక్కడే, ధర్మములు రెండు

చదరంగపు బలగములో బాలురకు మిక్కిలి ప్రియమైనవాడు మంత్రి. రాజు పేరునకే ప్రభువు. అతడు నడచునది ఒక్క గడి. మంత్రి యన్ననో అసలైన దళవాయి. ఆతడు పడిపోయినప్పుడు మొగము చిన్నబుచ్చుకొనని బాలుని మేమింతవరకు చూడలేదు. ఇట్టి ప్రియ సేనానిని ఒక ఆటధర్మమునుండి మఱియొక ఆటధర్మమునకు తీసికొనిపోవలసి వచ్చినప్పుడు ఏమి చేయవలయును? ఇది చిన్న ప్రశ్నగా దోచును గాని, అంత చిన్నది కాదని మా యభిప్రాయము.

మన ఆర్మూరు ప్రాంతమున పసుపు తొమ్మిది నెలల పంట. త్రవ్వి, ఉడికించి, ఎండబెట్టి, మెఱుగుపెట్టి, విపణికి చేర్చిన పిదప రైతునకు మిగులునది ధరకై ఎదురుచూచుట. ఆ వేళలయందు బస్తాల ప్రక్కను గళ్లగుడ్డ పఱచుకొని ఆడుకొను పెద్దలను మేమెఱుగుదుము. మన పిల్లలలో పలువురకు చదరంగమున అదియే మొదటి బడి. కాని పాఠశాలలలోను పోటీలలోను నడచునది అంతర్జాతీయ ధర్మము. ఈ రెంటికిని గల భేదములు కొన్ని మాత్రమే యైనను, ఆటను తలక్రిందు చేయగలవి.

మన పాత యాటలో బంటు మొదటి యెత్తునకును ఒక్క గడియే నడచును. అంతర్జాతీయ ధర్మమున మొదటిసారి రెండు గళ్లు నడువవచ్చును. మన యాటలో రాజు, చెక్కు పడకమునుపు, ఒక్కమారు గుఱ్ఱమువలె దుముకవచ్చును. అక్కడ అందులకు బదులు ఏనుగుతో గూడి కోట కట్టుకొనును. మన బంటు కడపటి వరుస చేరినచో ఆ గడికి చెందిన బలమే యగును. అక్కడ రాజు దక్క ఏ బలమునైనను కోరుకొనవచ్చును. ఈ నియమములు ఊరూర కొంత మారుచుండుననియు గమనింపవలెను.

మేమెఱిగిన బాలుడొకడు తాతయొద్ద ఆట నేర్చి, ఒకానొక పోటీకి బోయెను. కడపట ఇరుపక్షములందును బంట్లు పరుగిడుచుండెను. మనవాని బంటు ముందుగా ఏనుగు గడిని చేరెను. తాత చెప్పిన చొప్పున వాడు వినయముగా ఏనుగునే పుచ్చుకొనెను. ఎదిరి బాలుని బంటు తరువాత చేరి మంత్రి యయ్యెను. ఆట పోయినది. అందెవ్వరి యన్యాయమును లేదు. వానికి నియమము తెలియదు, అంతియే. కాని ఆ సాయంకాలమున వాడింటికి వచ్చి, “తాతా, నీ ఆటంతయు తప్పు” అనెను. ఆ ముసలివాడు బదులు పలుకక గళ్లగుడ్డను మడిచి పెట్టెలో పెట్టెను. చాల దినములు మరల తీయలేదు. ఈ వ్యాసమునకు కారణము ఓడిన ఆట కాదు, మడిచిన గుడ్డ.

తాత యాట తప్పా? మంత్రి చరిత్రయే ఇందులకు సమాధానము చెప్పును. పూర్వము పారసీకులు ఫర్జీన్ అని పిలిచిన ఈ మంత్రి ఐమూలగా ఒక్క గడి మాత్రమే నడచువాడు. నట్టనడుమ నిలిచినను అతని చేతిలోనివి నాలుగే గళ్లు. పదునైదవ శతాబ్దము చివర ఐరోపాయందు అతనికి రాణి పదవియు, అన్ని దిక్కుల పరుగును లభించెను. నేడు నడుమ నిలిచినచో ఇరువదియేడు గళ్లను ఏలును. 1497లో స్పెయిను దేశమున లుసేనా యనునతడు అచ్చు వేయించిన గ్రంథమున పాత నడక లెక్కలును కొత్త నడక లెక్కలును ప్రక్కప్రక్కనే యున్నవి. ధర్మము మారుచున్న కాలమున ఆతడు పాతదానిని తప్పని కొట్టివేయలేదు. మన దేశమున 1814లో బొంబాయిలో తిరువెంగడాచార్య శాస్త్రి ప్రకటించిన చదరంగ వ్యాసములును సంస్కృతమునుండి తెచ్చి ఐరోపా పద్ధతికి అనువుపఱుపబడినవే.

ఇంకొక యుదాహరణము మీర్ సుల్తాన్ ఖాను. పంజాబున దేశీయ ధర్మముతో పెరిగిన యాతడు ఐరోపా ధర్మమును పెద్దయైన పిదప నేర్చెను. 1929లో ఇంగ్లండు చేరిన యేడే బ్రిటిషు విజేతయై, 1932, 1933లలో మరల గెలిచెను. 1930-31 హేస్టింగ్సు పోటీలో కాపబ్లాంకాను ఓడించెను. ఆరంభపు టెత్తులలో ఆతడు తడబడుచుండెను. ఆట ముగింపులో మాత్రము మహాబలుడు. మెల్లగా నడచు దేశీయపు టాట నేర్పిన యోరిమి వృథ కాలేదన్నమాట. 1966లో ఆతడు మరణింపగా, 2024లో ప్రపంచ చదరంగ సమాఖ్య గౌరవ గ్రాండుమాస్టరు బిరుదము నొసగెను.

ఇక మంత్రిని ఎట్లు కొనిపోవలెను? వింత యేమనగా, మన పెద్దల యాటలోను పోటీలలోను నేడాతని నడక యొక్కటే. మారినది ఆతని చుట్టునున్న లోకము. బంట్లు రెండేసి గళ్లు నడచుటచే దారులు త్వరగా తెఱచుకొనును. తొందరపడి వెడలిన మంత్రిని గుఱ్ఱములును శకటులును తఱుముకొనివచ్చును. పాత యాటలో బంటు మంత్రి గడినో, కొన్నిచోట్ల రాజు గడినో చేరినగాని రెండవ మంత్రి లేడు. కావున ఆ బంటు అమూల్యము. కొత్త యాటలో ప్రతి బంటును కాబోవు మంత్రియే. మంత్రి యుద్యోగమును కొనిపొండు, అలవాటును విడువుడు అని మా హితవు. రాజును కాచుట, దూరము చూచుట ఆతని యుద్యోగము. ఎప్పుడు వెడలవలెనన్నది అలవాటు. బొమ్మ సిపాయిల యుద్ధములకు 1913లో వెల్సు కూర్చిన నియమములలోనైనను, మఱి యే క్రీడలోనైనను, సేనానికి ఈ సూత్రమే వర్తించును.

పోటీధర్మ మొక్కటి చాలదా యని కొందఱందురు. గుడివాడలో పుట్టిన కోనేరు హంపి 2002లో గ్రాండుమాస్టరై, 2019లోను 2024లోను ప్రపంచ ర్యాపిడ్ విజేత యయ్యెను. వరంగల్లులో పుట్టిన అర్జున్ ఎరిగైసి 2018లో గ్రాండుమాస్టరయ్యెను. పోటీలకు పోవు బాలబాలికలకు అంతర్జాతీయ ధర్మము క్షుణ్ణముగా నేర్పవలసినదే. అందు సందేహము లేదు. నేర్పకపోవుటచేతనే గదా మనవాడు ఏనుగును పుచ్చుకొనెను! కాని ఒకటి నేర్చుటకు ఇంకొకటి నవ్వులపాలు కానక్కఱలేదు. రెండు భాషలు నేర్చిన బాలుడు ఒకదానిని తప్పనునా?

కావున మా విన్నపములు మూడు. ఆటకు కూర్చుండుటకు ముందు బంటు తొలి నడకను, రాజు రక్షణను, బంటు పదవిని గూర్చి ఇరువురును నోటితో చెప్పుకొనవలెను. విద్యార్థులు తమ యింటి పెద్దల నియమములనడిగి పుస్తకమున వ్రాసికొనవలెను. అవి వారితోనే పోవచ్చును. పాఠశాల వార్షిక క్రీడలయందు ఒక సాయంకాలము తలిదండ్రులను, తాతలను పిలిచి, వారి ధర్మముననే ఆడింపవలెను.

ఆ బాలుడు మొన్న సెలవులలో గుడ్డను తానే పెట్టెనుండి తీసి పఱచెను. “తాతా, నేడు ఏ ధర్మము?” అని యడిగెను. “ముందు నాది, తరువాత నీది” అని ముసలివాడు బంట్లను పేర్చెను. మొదటి యాట తాత గెలిచెను. రెండవదానియందు తాత బంటు ఏనుగు గడిని చేరగా, బాలుడు మెల్లగా, “తాతా, మంత్రినే కోరుకొనుము” అనెను.