ప్రాపర్టీస్ చూపిస్తే మహిమ రుజువైపోతుందా?

ఒకప్పుడు మహిమలవాళ్ళు ఫోటో చూపించి "ఇంకేం కావాలి?" అనేవారు. ఇప్పుడు తెలివి మీరారు. స్వామీజీ తల చుట్టూ కాంతి గోళాలున్న ఫోటో కంప్యూటర్లో తెరిచి, రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్ చూపిస్తున్నారు. "కెమెరా పేరుంది, తేదీ ఉంది, ఫోటోషాప్ పేరెక్కడా లేదు. మీ సైన్సే ఒప్పుకుంటోంది కదా!" అని నన్నే నిలదీస్తున్నారు.

అసలా వివరాలేమిటి? 1995లో జపాన్‌లో తయారైన ఎగ్జిఫ్ అనే ప్రమాణం ప్రకారం కెమెరా తను తీసిన ఫైల్లో ఒక చీటీ పెడుతుంది. కెమెరా రకం, తేదీ, షట్టర్ వేగం, ఫ్లాష్ వెలిగిందా లేదా, ఇలాంటివన్నీ అందులో ఉంటాయి. ఆ చీటీకి తాళం లేదు. విండోస్‌లో అదే ప్రాపర్టీస్‌లోని డీటెయిల్స్‌లో తేదీనీ కెమెరా పేరునీ ఎవరైనా మార్చుకోవచ్చు. ఒక భక్తుడి ఎదురుగానే ఆయన ఫోటోని ఇరవై ఏళ్ళు వెనక్కి జరిపాను. అప్పటికి ఆ కెమెరా పుట్టనే లేదు!

సరే, చీటీ నిజమే అనుకుందాం. ఫ్లాష్ వెలిగిందని కూడా ఆ చీటీలోనే ఉంది. అది మాత్రం వీళ్ళు చదవరు. చిన్న కెమెరాల్లో ఫ్లాష్ లెన్స్ పక్కనే ఉంటుంది. గాలిలోని ధూళి, తేమ కణాలు ఆ వెలుగుని తిప్పికొడితే, లెన్స్‌కి మరీ దగ్గర కాబట్టి మసకగా గుండ్రటి బిళ్ళల్లా పడతాయి. దేవుడికి ఫ్లాష్ లేకుండా కనిపించడం చేతకాదా?

ఈ వాదన కొత్తదేం కాదు. 1917లో ఇంగ్లండులోని కాటింగ్లీలో ఇద్దరు అమ్మాయిలు రెక్కల దేవకన్యల ఫోటోలు తీశారు. నెగెటివ్‌లో అతుకుల్లేవన్నాడు ఒక నిపుణుడు. షెర్లాక్ హోమ్స్‌ని సృష్టించిన కానన్ డాయిల్ నమ్మేసి 1920లో పత్రికలో వ్యాసం రాశాడు. నకిలీ ఆనవాళ్ళు కనబడలేదన్న కొడక్ వాళ్ళు కూడా సర్టిఫికెట్ మాత్రం ఇవ్వలేదు, తెలివైనవాళ్ళు! 1983లో ఆ అమ్మాయిలే, అప్పటికి ముసలివాళ్ళు, గుట్టు విప్పారు. అవి కాగితం బొమ్మలు, టోపీ సూదులతో నిలబెట్టారు. నెగెటివ్ నిజమే. కెమెరా ముందున్నది కాగితం. నెగెటివ్‌ని ఎంత గీకినా ఆ సంగతి తెలుస్తుందా?

మనవాళ్ళకీ ఒక మాట చెప్పాలి. ఫోటోషాప్ పేరు కనబడగానే "దొంగ ఫోటో" అని చంకలు గుద్దుకోవద్దు. సైజు తగ్గించినా ఆ పేరు చేరుతుంది. వాట్సాప్‌లో మామూలుగా వచ్చిన ఫోటోకి చీటీయే ఉండదు, అదేమీ కుట్ర కాదు. పాల్ హాన్సెన్ గాజాలో తీసిన అంత్యయాత్ర ఫోటోకి 2013లో వరల్డ్ ప్రెస్ ఫోటో బహుమతి వచ్చింది. ఫైల్ వివరాలు తవ్వి, అది అతికించిన బొమ్మ అని ఒక నిపుణుడు ఆరోపించాడు. నిర్వాహకులు రా ఫైల్‌ని వేరే నిపుణుల చేత పరీక్ష చేయించారు. రంగులూ వెలుగూ సవరించారు తప్ప అతుకుల్లేవని తేలింది. అక్కడ చచ్చిపోయింది నిజం పిల్లలు. తొందరపడి అబద్ధమంటే ఎవరికి అన్యాయం?

అందుకని ప్రాపర్టీస్ దగ్గర ఆగకండి. మార్చని అసలు ఫైల్ అడగండి. దానికి ముందు, తర్వాత తీసినవి కూడా చూపించమనండి. తీసినవాణ్ణి పిలిపించి, అదే గదిలో అదే కెమెరాతో, ఈసారి ఫ్లాష్ ఆపి తీయమనండి.