చిప్ కొరతలో కోత చౌక పీసీలకే

2018లో ఇంటెల్ ప్రాసెసర్లకు కొరత వచ్చింది. 10 నానోమీటర్ల తయారీ ఏళ్ల తరబడి ఆలస్యం కావడంతో భారమంతా 14 నానోమీటర్ల ఫ్యాక్టరీలపైనే పడింది. ఉత్పత్తిని రాత్రికి రాత్రి పెంచలేరు. సిలికాన్ వేఫర్ చిప్‌గా మారడానికే నెలలు పడుతుంది. ఉన్న సరుకును కంపెనీ ముందుగా సర్వర్లకు, ఖరీదైన పీసీలకు కేటాయించింది. తయారీదారుల్లో అసంతృప్తి పెరిగి, 2019 నవంబరులో ఇంటెల్ బహిరంగంగా క్షమాపణ చెప్పింది. అదే నెలలో డెల్ తన ఆదాయ అంచనాను తగ్గించుకుంది.

లాభమున్న చోటికే సరుకు వెళ్తుంది. చౌక పీసీలు కొనే బడులు, విద్యార్థులు వరుసలో చివర నిలబడతారు. ఏఎండీ ప్రాసెసర్లపైనా మామూలు ప్రోగ్రాములన్నీ నడుస్తాయి. అందుకే బడులకు కంప్యూటర్లు కొనే ప్రభుత్వాలు టెండర్లలో కంపెనీ పేరు కాదు, కావలసిన పనితీరు రాయాలి.